లా తుర్బీ కొండదారి - ఎమిల్ యెలినెక్ జీవితము

ఉగాది సంచికకు ఏదైనా వ్రాయవలసినదని మన సంఘం కార్యదర్శిగారు కబురు చేసినప్పుడు, ఏమి వ్రాయాలా అని మేము నాలుగు రోజులు ఆలోచించాము. కథలూ గేయాలూ అల్లే శక్తి మాకు లేదు. మెట్రిక్ దాకా చదివి, రైల్వేలో గుమాస్తాగా చేరి, రిజిస్టర్లు వ్రాసుకొంటూ కాలం గడుపుతున్నవాళ్ళము. ఇంతలో మా క్వార్టర్ల ప్రక్క ఇంటి కుర్రవాడు, పెళ్ళివారి కారు ఒకటి వీధిలో ఆగితే దాని ముందున్న నక్షత్రాన్ని చూచి వచ్చి, మెర్సిడెస్ అంటే అర్థమేమిటని మమ్మల్ని అడిగాడు. అది ఒక ఆడపిల్ల పేరని చెబితే వాడు నమ్మలేదు. ఆ పిల్ల తండ్రి ఒకప్పుడు మా వంటి రైల్వే గుమాస్తాయే అని చెబితే అసలే నమ్మలేదు. వాడికి చెప్పిన సంగతులనే కొంచెం పెంచి ఇక్కడ వ్రాస్తున్నాము.

మాది యానాం. గౌతమీ గోదావరి ఒడ్డున ఉన్న మా ఊళ్ళో చూపు ఆనినంత మేర పల్లమే గాని కొండ అనేది లేదు. అటువంటి ఊరివారికి కొండదారి మీద మోటారు పందెం సంగతి ఎందుకని చదువరులు అడగవచ్చును. కారణం లేకపోలేదు. తరతరాలుగా ఫ్రెంచివారి యేలుబడిలో ఉన్న మా ఊరు 1954 నవంబరు 1న భారతదేశపు పాలనలోకి వచ్చింది. చట్టరీత్యా ఆ కలయిక పూర్తి అయినది 1962 ఆగస్టు 16న. అందుచేత మా చిన్నతనంలో పెద్దల నోట పారిస్, మార్సేయి అనే పేర్లు కాకినాడ, రాజమండ్రి పేర్లంత చనువుగా వినబడేవి. మనం చెప్పుకోబోయే కొండ ఆ ఫ్రాన్సు దేశంలోనిదే.

ఫ్రాన్సుకు దక్షిణాన మధ్యధరా సముద్రపు ఒడ్డున నీస్ అనే పట్టణం ఉన్నది. చలికాలంలో యూరపులోని రాజులూ, జమీందార్లూ, బ్యాంకర్లూ ఎండ కాచుకొనడానికి అక్కడికి చేరేవారు. నీస్ నుండి తూర్పుగా బయలుదేరి సముద్రం ప్రక్క కొండలు ఎక్కితే లా తుర్బీ అనే చిన్న పల్లె వస్తుంది. రోమను చక్రవర్తి అగస్టస్ విజయానికి గుర్తుగా రెండువేల ఏళ్ళ క్రిందట కట్టిన పెద్ద రాతి కట్టడం ఇప్పటికీ శిథిలంగా అక్కడ నిలిచి ఉన్నది. పల్లె ఎత్తు సముద్ర మట్టానికి సుమారు 480 మీటర్లు. నీస్ నుండి దూరం సుమారు 16 కిలోమీటర్లు. ఒక ప్రక్క కొండరాయి, మరొక ప్రక్క లోయ, నడుమ మలుపుల మీద మలుపులు. దారి అంతే.

1897 జనవరి నెలాఖరున మార్సేయి నుండి నీస్ మీదుగా లా తుర్బీ వరకు మూడు రోజుల మోటారు పందెం పెట్టారు. చివరి ఘట్టం ఈ కొండ ఎక్కడమే. ప్రపంచంలో మోటారు బండ్లు కొండ ఎక్కే పందాలకు అదే ఆది అని చరిత్రకారులు చెబుతారు. ఆ కొండ ఘట్టం గెలిచినవాడు టైర్ల కంపెనీ సోదరులలో ఒకరైన ఆంద్రే మిషెలిన్. ఆయన నడిపినది పెట్రోలు బండి కాదు, ఆవిరి బండి. ఆవిరి ఇంజన్లను చూచి పెరిగిన రైల్వేవారికి ఈ మాట సంతోషం కలిగిస్తుందని వ్రాస్తున్నాము.

కొండ ఎక్కే పందెం మామూలు పందెం వంటిది కాదు. ఇందులో బండ్లు ఒకదానితో ఒకటి ఒరుసుకొని పరుగెత్తవు. ఒక్కొక్కటే బయలుదేరుతుంది. క్రింద బయలుదేరిన వేళా, పైన చేరిన వేళా వ్రాసుకొని, ఎవరికి తక్కువ సమయం పడితే వారిని గెలిచినట్లు లెక్కకడతారు. పల్లపు నేల మీద బరువైన బండి కూడా ఊపు మీద పోతుంది. ఎగువకు పోయేటప్పుడు ఊపు చాలదు. ప్రతి మణుగు బరువునూ ఇంజను మోయవలసిందే. ఘాటు సెక్షన్లలో గూడ్సు బండికి వెనుకనుంచి మరొక ఇంజను పెట్టి నెట్టించడం మనవారు చూచినదే. మోటారుకు నెట్టేవాడు లేడు. పైగా ఎక్కేకొద్దీ ఇంజను కాగిపోతుంది. మలుపులో బండి ఒరుగుతుంది. ఇంజను బలం, బండి బరువు, చల్లబరచే ఏర్పాటు, నడిపేవాడి చేయి, ఈ నాలుగింటిలో ఏది లోపమైనా కొండ దాచదు.

ఇక మన కథానాయకుని సంగతి.

ఎమిల్ యెలినెక్ 1853 ఏప్రిల్ 6న జర్మనీలోని లైప్‌జిగ్ పట్టణంలో జన్మించాడు. తండ్రి అడాల్ఫ్ యెలినెక్ యూదుల మతగురువు, గొప్ప పండితుడు. ఎమిల్ పసితనంలోనే ఆ కుటుంబం వియన్నా నగరానికి మారింది. అన్నదమ్ములలో గెయార్గ్ పెద్ద న్యాయశాస్త్రవేత్త అయినాడు. మరొక తమ్ముడు భాషాశాస్త్ర పండితుడైనాడు. ఎమిల్‌కు మాత్రం చదువు అబ్బలేదు. ఏ బడిలో వేసినా నిలువలేదు. చేసేది లేక తల్లిదండ్రులు 17 ఏళ్ళ వయస్సులో ఒక రైల్వే కంపెనీలో గుమాస్తాగా కుదిర్చారు.

ఈ ఉద్యోగం రెండేళ్ళు సాగింది. తరువాత ఊడింది. ఎందుకు ఊడిందో తెలిస్తే మన స్టేషను మాస్టర్లు గుండెలు బాదుకొంటారు. రాత్రివేళ పెద్ద అధికారులు లేని సమయం చూచి, ఈ కుర్రవాడు రైలు ఇంజన్లకు పరుగు పందాలు పెట్టించేవాడట! ఆ సంగతి బయటపడి కంపెనీవారు ఇంటికి పంపారు. ఏ శాఖలోనైనా ఇటువంటి గుమాస్తాను ఉంచుకోరు, ఉంచుకోకూడదు కూడా. అయినా వేగం మీద ఆ మనిషికి ఉన్న పిచ్చి అప్పుడే తెలిసిపోయింది.

తరువాత ఆయన ఒకచోట కుదురుగా ఉన్నది తక్కువ. తండ్రిగారి పరిచయాల వల్ల మొరాకో దేశంలో ఆస్ట్రియా హంగరీ కాన్సలు కచేరీలో పని దొరికింది. టాంజియర్, టెటువాన్ పట్టణాలలో పనిచేశాడు. టెటువాన్‌లో రాషెల్ అనే కన్యను ప్రేమించి తరువాత పెళ్ళాడాడు. అల్జీరియాలోని ఒరాన్‌లో వైస్ కాన్సలుగా ఉంటూ మామగారితో కలిసి పొగాకు వ్యాపారం చేశాడు. ఒక ఫ్రెంచి భీమా కంపెనీకి ఉద్యోగి అయినాడు. ఆ పని మీద 1884లో వియన్నా దగ్గరి బాడెన్ పట్టణానికి కాపురం మార్చాడు. ఇద్దరు కొడుకుల తరువాత 1889 సెప్టెంబరు 16న ఒక కూతురు పుట్టింది. ఆ పిల్లకు మెర్సిడెస్ అని పేరు పెట్టారు. స్పానిష్ భాషలో ఆ మాటకు కరుణ, అనుగ్రహం అని అర్థం. నాలుగేళ్ళకే, 1893లో, తల్లి రాషెల్ కన్నుమూసింది.

తల్లి లేని ఆ పిల్ల మీద తండ్రి పంచప్రాణాలూ పెట్టుకొన్నాడు. ఆ పేరు తనకు కలిసివస్తుందని ఒక గట్టి నమ్మకం ఏర్పడింది. ఇంటికి అదే పేరు, పడవకు అదే పేరు. మనవారిలో కూతురి పేర బియ్యపు మిల్లు, బట్టల కొట్టు పెట్టేవారు లేరా? ఇదీ అటువంటిదే. వ్యాపారంలో డబ్బు బాగా కూడబెట్టి, చలికాలాలు నీస్‌లో గడపడం మొదలుపెట్టాడు.

సుమారు 1897 ప్రాంతంలో, పత్రికలో డైమ్లర్ కంపెనీ ప్రకటన చూచి జర్మనీలోని కాన్‌స్టాట్‌కు వెళ్ళి ఒక కారు కొన్నాడు. అది గంటకు 24 కిలోమీటర్లు పోయేది. ఆయనకు చాలలేదు. గంటకు 40 కిలోమీటర్లు పోయే బండ్లు కావాలని పట్టుబట్టి చేయించుకొన్నాడు. వాటిని నీస్‌లోని ధనవంతులకు అమ్మసాగాడు. 1899లో 10, 1900లో 29 కార్లు కంపెనీ ఆయనకు సరఫరా చేసింది. ఆ రోజులలో ఈ సంఖ్య పెద్దది. రోత్‌షీల్డ్ బ్యాంకరు కుటుంబంవారు ఆయన ఖాతాదారులు. ఆ కుటుంబంలోని ఒక బారను లా తుర్బీ కొండ ఎక్కుతుంటే యెలినెక్ వెనుకనుంచి వచ్చి దాటిపోయేవాడనీ, ఓడిన బారను వెంటనే ఆ బండిని కొనేవాడనీ, మళ్ళీ కొన్ని వారాలకు యెలినెక్ ఇంకా వేగమైన బండితో దాటేవాడనీ ఒక కథ చెప్పుకొంటారు. నిజమెంతయినా, ఆ కొండే ఆయన దుకాణం అన్న మాట మాత్రం వాస్తవం.

1899లో నీస్ పందాలలో దిగేటప్పుడు ఆయన తన పేరు మరుగుపరచి కూతురి పేరు వ్రాయించుకొన్నాడు. ఆ మార్చిలో ఒక పందెం ఆ పేరు మీదనే గెలిచాడు. ఊళ్ళోవారు ఆయనను మెర్సిడెస్‌గారు అని పిలువసాగారు.

ఇక్కడ ఒక విషాదం జరిగింది. 1900 మార్చి 6న డైమ్లర్ కంపెనీ స్థాపకుడు గాట్‌లీబ్ డైమ్లర్ చనిపోయాడు. అదే నెల 30వ తేదీన లా తుర్బీ పందెం. డైమ్లర్ కార్ఖానాలో మేస్త్రీగా పనిచేసే విల్‌హెల్మ్ బౌవర్ ఫీనిక్స్ అనే పెద్ద బండిని నడిపాడు. బండికి బలమైన ఇంజను ఉన్నది గాని, మిగిలిన కట్టుబడి ఆ బలానికి తగినది కాదు. పొట్టిగా, ఎత్తుగా, ముందు భాగం మిక్కిలి బరువుగా ఉండేది. మొదటి మలుపులోనే బండి అదుపు తప్పి రాతికి గుద్దుకొన్నది. బౌవర్ ఆ దెబ్బలతో చనిపోయాడు. ప్రక్కన కూర్చున్న మెకానిక్ బ్రతికాడు.

కంపెనీవారు బెదిరిపోయారు. ఇక పందాలు మానివేద్దామన్నారు. యెలినెక్ ఒప్పుకోలేదు. మానివేస్తే వ్యాపారం చచ్చిపోతుందని వాదించాడు. తప్పు వేగంలో లేదనీ, బండి కట్టిన తీరులో ఉన్నదనీ ఆయన వాదం. ఇంతకంటె పొడవుగా, ఇంతకంటె పల్లంగా, తేలికగా కొత్త బండి కట్టండి, దానికి నా కూతురి పేరు పెట్టండి అని కోరాడు. 1900 ఏప్రిల్ 2న, అంటే ప్రమాదం జరిగిన మూడు రోజులకు, 36 బండ్లకు 5,50,000 బంగారు మార్కుల ఒప్పందం కుదిరింది.

ఈ మూడు రోజుల లెక్క చూచినప్పుడల్లా మాకు మనస్సు చివుక్కుమంటుంది. బండిలో లోపం ఉన్నదని ప్రమాదం తరువాత అంత స్పష్టంగా చెప్పగలిగిన మనిషి, ఆ బండ్లను ఇంకా వేగంగా చేయండని అంతకుముందు కంపెనీని తొందరపెట్టినవాడే. బౌవర్ జీతగాడు. ఎక్కమన్న బండి ఎక్కాడు. కార్ఖానాలోగాని రైల్వేలోగాని పనిచేసేవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. ఒక ప్రమాదం జరిగిన తరువాతనే ఒక కొత్త నియమం పుడుతుంది. నియమం పుస్తకంలో ఉంటుంది. దానికి కారణమైనవాడి పేరు పుస్తకంలో ఉండదు.

అయితే మరొక ప్రక్క కూడా చెప్పాలి. యెలినెక్ అడిగిన ఆ బండి నిజంగా మేలైనది. డైమ్లర్‌కు కుడిభుజంగా ఉండిన విల్‌హెల్మ్ మైబాక్ దానిని రూపొందించాడు. 35 అశ్వశక్తుల ఇంజను. ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ నడుమ దూరం పెంచారు. బరువంతా నేలకు దగ్గరగా దించారు. ఇంజనును చల్లబరచడానికి 8,070 సన్నని గొట్టాలతో తేనెపట్టు వంటి రేడియేటరు పెట్టారు. అంతవరకు మోటారు కారు అంటే గుర్రం విప్పివేసిన బగ్గీ. ఈనాడు మనం చూచే కారు ఆకారం ఆ బండితోనే మొదలయిందని తెలిసినవారు అంటారు. 1900 డిసెంబరులో మొదటి బండి యెలినెక్ చేతికి వచ్చింది.

1901 మార్చి నెలాఖరున, బౌవర్ చనిపోయి సరిగా ఏడాది తిరిగే వేళకు, అదే కొండకు కొత్త బండి వచ్చింది. నడిపినవాడు విల్‌హెల్మ్ వెర్నర్. అంతకు ముందు ఆ కొండ మీద అత్యధిక సగటు వేగం గంటకు 31.3 కిలోమీటర్లు. వెర్నర్ 51.4 కిలోమీటర్ల సగటుతో ఎక్కాడు. ఒక్క ఏడాదిలో ఇంత తేడా ఎవరూ ఊహించలేదు. అదే వారంలో నీస్ నుండి సలోన్ పోయి తిరిగివచ్చే 392 కిలోమీటర్ల పందెం కూడా ఆయనే గెలిచాడు. ఇక మోటారు లోకమంతా మెర్సిడెస్ పేరు మోగిపోయింది. 1902లో కంపెనీ ఆ పేరును చట్టరీత్యా నమోదు చేసుకొన్నది. 1903లో యెలినెక్ తన ఇంటిపేరునే యెలినెక్-మెర్సిడెస్ అని మార్చుకొన్నాడు. బిడ్డకు తండ్రి పేరు రావడం లోకాచారం. బిడ్డ పేరు తండ్రికి రావడం ఇక్కడనే చూశాము.

కాని కొండ పందెం అంతటితో శాంతించలేదు. 1903 ఏప్రిల్ 1న అదే లా తుర్బీ దారిలో, మెర్సిడెస్ బండి నడుపుతూనే, ఎలియట్ జ్బొరోవ్‌స్కీ అనే ధనిక ప్రభువు రాతికి గుద్దుకొని మరణించాడు. చొక్కా చేతి గుండీ వేగం పెంచే మీటకు తగులుకొన్నదని ఒక కథ ఉన్నది. బండి ఎంత మేలైనదయినా కొండ కొండే, మనిషి మనిషే. ఆ పందెం కొన్నేళ్ళు ఆగిపోయింది. 1909లో మళ్ళీ జరిగింది. మొదటి మహాయుద్ధం తరువాత కూడా రెండవ మహాయుద్ధం దాకా కొన్ని మార్లు సాగింది.

యెలినెక్ అదృష్టం ఆ పేరుతో పెరిగినట్లే, స్వభావం వల్ల తరిగింది. ఆయన మహా కోపిష్ఠి. కంపెనీకి ఉత్తరాలతోనూ తంతులతోనూ ఊపిరి ఆడనిచ్చేవాడు కాదు. ఇంజనీర్లను నానా మాటలూ అనేవాడు. చివరకు వారితో తెగిపోయింది. ఈనాడు కార్ల మీద మనం చూచే మూడు కొనల నక్షత్రాన్ని కంపెనీ నమోదు చేసినది 1909లో. అప్పటికి ఆ వ్యాపారంలో ఆయన పలుకుబడి ముగిసినట్లే. కాన్సలు పదవులతో కాలం గడిపాడు.

1914లో యుద్ధం వచ్చింది. ఆయన పుట్టినది జర్మనీ, పెరిగినది ఆస్ట్రియా, ఇల్లూ ఆస్తీ ఉన్నది ఫ్రాన్సు. జర్మనీ, ఆస్ట్రియాలు ఒక ప్రక్క, ఫ్రాన్సు మరొక ప్రక్క చేరి కత్తులు దూసినాయి. నలభై ఏళ్ళు అందరితో తిరిగి, అందరికీ బండ్లు అమ్మిన మనిషి ఎవరికీ కానివాడైనాడు. గూఢచారి అనే అనుమానం ఆయనను వెంటాడింది. ఫ్రాన్సులోని ఆస్తిని ప్రభుత్వం స్వాధీనం చేసుకొన్నది. స్విట్జర్లాండులో తలదాచుకొని 1918 జనవరి 21న జెనీవా నగరంలో కన్నుమూశాడు. యుద్ధం ముగియడం ఆయన చూడలేదు.

కూతురు మెర్సిడెస్ కథ ఇంకా చిన్నది. యుద్ధంతో ఆ కుటుంబపు సిరి పోయింది. రెండుమార్లు పెళ్ళి చేసుకొన్నా సుఖపడలేదు. ఒక దశలో చేయి చాచవలసిన స్థితి కూడా వచ్చిందంటారు. 1929లో వియన్నాలో 39 ఏళ్ళకే చనిపోయింది. దానికి మూడేళ్ళ ముందే, 1926లో, డైమ్లర్ కంపెనీ, బెంజ్ కంపెనీ కలిసి ఒకటైనాయి. కొత్త కంపెనీ తయారుచేసే బండ్ల పేరులో ఆమె పేరు మొదట నిలిచింది. ఆమెకు సొంతంగా ఒక మెర్సిడెస్ బండి లేదని చెబుతారు.

ఈ జీవితం చదివినప్పుడు మాకు మా ఊరు గుర్తుకు వస్తుంది. 1962లో యానాం చట్టరీత్యా మన దేశంలో కలిసినప్పుడు, అక్కడ పుట్టినవారు ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకోదలిస్తే ఆరు నెలల గడువులో తెలియజేయాలని ఒప్పందంలో ఉన్నది. ఒకే వీధిలో ఒక ఇంటివారు అటు, ఒక ఇంటివారు ఇటు అయినారు. అటు పోయినవారు దేశం మీద ప్రేమ లేక పోలేదు, ఇటు ఉన్నవారు గతి లేక ఉండలేదు. ఎవరి కారణాలు వారివి. మనిషి ఏ దేశపువాడో కాగితం చెబుతుంది. ఎక్కడివాడో కాగితం చెప్పలేదు. పరాయి రాష్ట్రంలో ఉద్యోగం చేసుకొంటూ, ఏడాదికొకసారి ఇక్కడ చేరి మన భాషలో మాట్లాడుకొనే మనకు ఈ తేడా తెలుసును. మనకు కనీసం ఈ పందిరి ఉన్నది. యెలినెక్‌కు చివరి రోజులలో అటువంటి పందిరి దొరకలేదు.

ఇంతకూ ఆయన గొప్పవాడా కాదా అని ప్రక్క ఇంటి కుర్రవాడు మమ్మల్ని అడిగాడు. ఆయన ఇంజను కనిపెట్టలేదు, రెంచీ పట్టలేదు. అయినా ఆయన పట్టుదల లేనిదే ఆ బండి లేదు. తప్పు ఎక్కడ ఉన్నదో చూచి, దానిని సరిదిద్దేదాకా నిద్రపోని మనిషి. అది గొప్పదనమే. కాని ఆ తప్పు చూపించడానికి ఒక మేస్త్రీ ప్రాణం పోవలసి వచ్చింది. ఆ రెంటినీ కలిపే చెప్పాలని వాడితో అన్నాము.

ఉగాది పచ్చడిలో బెల్లం రుచి చెప్పి వేపపువ్వు సంగతి దాచేవారు ఎవరూ లేరు. కాబట్టి మన వీధిలోకి మళ్ళీ ఆ నక్షత్రపు బండి ఏదైనా వచ్చి, దాని పేరేమిటని పిల్లలు అడిగితే, మెర్సిడెస్ అనే పిల్ల సంగతీ, యెలినెక్ అనే రైల్వే గుమాస్తా సంగతీ చెప్పండి. వాటితోపాటు లా తుర్బీ మొదటి మలుపులో ఆగిపోయిన విల్‌హెల్మ్ బౌవర్ పేరు కూడా ఒక్కసారి చెప్పండి. ఆ పేరు మీద ఏ బండీ లేదు.